తంతి మీద వైద్యం

(ఆదివారం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

పోయిన నెల ఈ కార్యక్రమానికి ఒక అక్కగారు ఫోన్ చేసి, "ఊళ్ళో అమ్మానాన్నలకి ఒంట్లో బాగోకపోతే ఇక్కణ్ణించే వీడియోలో డాక్టరుకి చూపించటం కుదురుతుందా, దాన్ని నమ్మొచ్చా?" అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఆసుపత్రుల్లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేసే కన్సల్టెంటుని, అంతే. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే కిందటేడు మా ఇంట్లోనే ఆ ముచ్చట జరిగింది.

మా నాన్నగారు పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూళ్ళో ఉంటారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకి చాలా ఏళ్ళుగా బీపీ ఉంది. సెలవలకి వెళ్ళినప్పుడు ఒక బీపీ మిషను పట్టుకెళ్ళి ఇచ్చాను. చేతికి పట్టీ చుట్టి మీట నొక్కితే అంకెలు వాళ్ళ ఫోన్లోకీ, అక్కణ్ణించి నా ఫోన్లోకీ వచ్చేస్తాయి. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ చూసుకునేవాణ్ణి. 124, 80. మర్నాడు 122, 78. అన్నీ ఆకుపచ్చ రంగులో ఉండేవి. ఎంత బాగా అమర్చానో అని నాకు నేనే మురిసిపోయాను. ఆరు నెలలు గడిచాక తెలిసింది, ఆ అంకెలు మా అమ్మవని.

ఆ కథ తరవాత చెప్తాను. ఆ దెబ్బతో అసలీ దూరపు వైద్యం ఎక్కడ మొదలైందో, ఎవరెవరు చేశారో తెలుసుకోవాలనిపించి కొన్నాళ్ళు అదే పనిగా చదివాను. అందులో కొంత మీతో పంచుకుంటాను.

ఇదంతా ఇంటర్నెట్‌తో వచ్చిందని నేననుకునేవాణ్ణి. కాదుట. గ్రాహం బెల్ టెలిఫోన్‌కి పేటెంటు తీసుకున్నది 1876లో. మూడేళ్ళకే, 1879లో, లండన్‌నుంచి వచ్చే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక సంగతి వేశారు. రాత్రివేళ పసిబిడ్డ దగ్గుతోంది. అది ప్రాణం మీదికి తెచ్చే గొంతు జబ్బేమోనని ఇంట్లోవాళ్ళకి భయం. డాక్టరుకి ఫోన్ చేశారు. బిడ్డని ఫోన్ దగ్గరికి ఎత్తిపట్టుకోమని, ఆ దగ్గు విని, అదేం కాదు భయపడకండి అని చెప్పాట్ట ఆయన. అర్ధరాత్రి బండి కట్టించుకుని రావలసిన పని తప్పింది.

1905లో హాలండ్‌లోని లైడెన్ పట్టణంలో విల్లెం ఐంట్‌హోవెన్ అనే ప్రొఫెసరు ఇంకొంచెం ముందుకెళ్ళాడు. మనం ఈసీజీ అంటున్నామే, ఆ గుండె గీతల్ని సరిగ్గా గీసే యంత్రం ఆయన తయారుచేసిందే. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపటానికి ఐదుగురు కావాలి. దాన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళటం జరిగే పని కాదు. అందుకని ఆసుపత్రినుంచి తన ప్రయోగశాలదాకా కిలోమీటరున్నర దూరం టెలిఫోను తీగ మీద గుండెలోని విద్యుత్తునే పంపించాడు. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టుకుని అక్కడ కూర్చుంటే, గీతలు ఇక్కడ పడేవి. ఆయనకి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

నన్ను బాగా పట్టేసింది మాత్రం వీళ్ళెవరూ కాదు, ఆస్ట్రేలియాలో ఒక పోస్టుమాస్టరు. అతని పేరు టకెట్.

1917 సంవత్సరం. పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఉత్తరాన కింబర్లీ ప్రాంతంలో హాల్స్ క్రీక్ అని చిన్న ఊరు. జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరి గుర్రం మీదనుంచి పడి లోపల బాగా దెబ్బ తగిలించుకున్నాడు. గంటలకొద్దీ బండిలో మోసుకుని ఆ ఊరు తెచ్చారు. తీరా ఆ ఊళ్ళో డాక్టరు లేడు. చుట్టుపక్కల ఊళ్ళ డాక్టర్లూ దొరకలేదు. ఉన్నదల్లా పోస్టాఫీసూ, అందులో టెలిగ్రాఫూ. టకెట్ ఎప్పుడో ప్రథమ చికిత్స నేర్చుకున్నాడు. నేర్పిన డాక్టర్ హాలండ్ పెర్త్ నగరంలో ఉన్నాడు, రెండు వేల కిలోమీటర్ల పైన దూరంలో. టకెట్ ఆయనకి తంతి కొట్టటం మొదలుపెట్టాడు. ఎక్కడ నొప్పి, ఎలా ఉంది, మూత్రం వస్తోందా లేదా, అన్నీ చుక్కలు, గీతలు. అటునుంచి ప్రశ్న, ఇటునుంచి జవాబు. మూత్రాశయం చితికిపోయింది, వెంటనే కోసి సరిచెయ్యాలి అని హాలండ్ తేల్చాడు. కొయ్యవలసింది పోస్టుమాస్టరే. పనిముట్లు లేవన్నాడు టకెట్. జేబు కత్తి ఉంది కదా అన్నాడు డాక్టరు. పుండు కుళ్ళకుండా పొటాషియం పర్మాంగనేట్. మన ఊళ్ళల్లో బావుల్లో వేస్తారే, ఆ ఊదారంగు పొడి. బల్ల మీద పడుకోబెట్టి, ఒక్కొక్క కోతా తంతిలో చెప్పించుకుంటూ ఏడు గంటలు పట్టింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ డార్సీ కోలుకోవటంలేదు. తంతిమీద ఇంక చెయ్యగలిగింది లేదని హాలండే బయల్దేరాడు. పశువుల్ని తీసుకెళ్ళే ఓడలో డెర్బీ రేవుదాకా, అక్కణ్ణించి పాత ఫోర్డ్ కారులో, కారు చెడిపోతే గుర్రపు బండిలో, ఆఖర్న కాలినడకన. ఐరోపాలో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులవి, అయినా పత్రికలవాళ్ళు రోజూ డార్సీ కబురు వేసేవారుట. హాలండ్ హాల్స్ క్రీక్ చేరేసరికి, ముందురోజే డార్సీ పోయాడు.

పోయింది ఆ కోతవల్ల కాదు. పోస్టుమాస్టరు కత్తి పని శుభ్రంగా ఉంది. డార్సీకి మలేరియా ఉంది, అపెండిక్స్ దగ్గర చీముగడ్డ ఉంది. అవి ఎవరికీ తెలియలేదు. టకెట్ తనకి కనపడింది తంతి కొట్టాడు. హాలండ్ తనకి అందింది చూశాడు. ఇద్దరి తప్పూ ఏమీ లేదు. నేను ఈ భాగం చదివేటప్పటికి నాన్నగారు ఆసుపత్రినుంచి ఇంటికొచ్చి రెండు వారాలైంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డార్సీ సంగతి జాన్ ఫ్లిన్ అనే క్రైస్తవ మతబోధకుడి మనసులో నాటుకుపోయింది. అదే ఏడాది చివర, యుద్ధానికి వెళ్తున్న ఒక వైద్య విద్యార్థి ఆయనకి ఉత్తరం రాశాడు, ఇలాంటిచోట్లకి డాక్టర్ని విమానంలో పంపితే ఎలా ఉంటుందని. ఆ కుర్రాడు యుద్ధంలో చనిపోయాడు. ఆలోచన బతికింది. 1928 మే నెలలో క్వీన్స్‌లాండ్‌లోని క్లోన్‌కరీ ఊరినుంచి మొదటి ఎగిరే డాక్టరు బయల్దేరాడు.

విమానం సరే, దాన్ని రమ్మని పిలిచేదెలా? ఆ పొలాలకి కరెంటు లేదు, టెలిఫోను లేదు. ఆడిలైడ్‌కి చెందిన ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు దీనికో ఉపాయం చేశాడు. సైకిలు తొక్కినట్టు కాళ్ళతో తొక్కితే కరెంటు పుట్టే రేడియో. 1929లో వాటిని పొలాల ఇళ్ళలో పెట్టటం మొదలైంది. మొదట్లో మోర్స్ కోడ్ ఒక్కటే వెళ్ళేది. ఎక్కడో ఎడారిలో వంటా పిల్లలూ చూసుకునే ఆవిడకి మోర్స్ ఏమొస్తుంది? అందుకని ట్రేగర్ టైపు మిషనులాంటిది చేసిచ్చాడు. మామూలు అక్షరం నొక్కితే చుక్కలు, గీతలు అదే పంపుతుంది. మాటలు పంపటం తరవాత వచ్చింది. నా వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి చెప్తున్నానండీ, వాడే మనిషిని ఇంతగా తలుచుకుని చేసిన వస్తువుని నేను మా ఆఫీసులో ఇంతవరకూ చూడలేదు.

1940లలో దీనికి తోడు మందులపెట్టె వచ్చింది. ప్రతి పొలం ఇంట్లోనూ ఒకేరకం పెట్టె, లోపల ప్రతి మందుకీ ఒక అంకె. డాక్టరు రేడియోలో మందు పేరు చెప్పడు, ఫలానా నంబరు ఇవ్వండి అంటాడు. పేరు సరిగ్గా వినపడక ఒకటికి ఒకటి వేసుకునే భయం ఉండదు. వంటికి కూడా బొమ్మ గీసి అంకెలు వేశారు, నొప్పి ఎక్కడంటే అంకె చెప్పటానికి. దీని మీద వాళ్ళు నవ్వుకుంటూ చెప్పుకునే కథ ఒకటుంది. తొమ్మిదో నంబరు బిళ్ళ వేసుకోమన్నాడుట డాక్టరు. తొమ్మిది అయిపోయింది కాబట్టి, నాలుగోది ఒకటీ ఐదోది ఒకటీ వేసుకున్నాడుట రోగి. జరిగిందో కల్పితమో గానీ, మా నాన్నగారికి చెప్తే, "లెక్క సరిపోయింది కదరా!" అన్నారు.

అమెరికాకి వస్తే, 1968లో బాస్టన్‌లో కెన్నెత్ బర్డ్ అనే డాక్టరు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికీ లోగన్ విమానాశ్రయానికీ మధ్య టీవీ బంధం వేశాడు. దూరం మూడు మైళ్ళు కూడా లేదు. కానీ మధ్యలో సొరంగం, అందులో కార్ల బారులు. బాస్టన్‌లో ఉండే శ్రోతలకి వేరే చెప్పక్కర్లేదు. విమానాశ్రయం క్లినిక్కులో ఇరవై నాలుగు గంటలూ నర్సులే ఉండేవారు. డాక్టరు ఆసుపత్రిలో టీవీ ముందు కూర్చుని రోగిని చూసేవాడు, గుండె చప్పుడు వినేవాడు. స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలో అక్కడ ఆనించేది మాత్రం నర్సే.

ఇక్కణ్ణించి కథ మన ఊళ్ళవైపు తిరుగుతుంది, అదీ ఎవరూ అనుకోని దారిలో. 1974 మేలో నాసా వాళ్ళు ఏటీఎస్-6 అనే ఉపగ్రహం పంపారు. దానితో చేసిన ప్రయోగాల్లో అలాస్కాది ఒకటి. మంచులో, రోడ్లు లేని చిన్న చిన్న ఆదివాసీ పల్లెలు. ప్రతి పల్లెలోనూ ఆ ఊరి మనిషే, కొంత శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఉంటుంది. 1971లోనే ఇంకో పాత ఉపగ్రహంతో వాళ్ళకి డాక్టరుతో రోజూ మాట్లాడే వీలు కల్పించారు. ఏటీఎస్-6తో కొన్ని చోట్ల బొమ్మ కూడా వచ్చింది. కార్యకర్త రోగిని పక్కన పెట్టుకుని అడిగేది, డాక్టరు చెప్పేవాడు.

1975లో అదే ఉపగ్రహాన్ని జరిపి తూర్పు ఆఫ్రికా మీదకి తెచ్చారు, మన దేశానికి కనపడేలా. ఒక ఏడాది అరువు. 1975 ఆగస్టు 1నుంచి 1976 జులై 31దాకా. సైట్ అని పేరు పెట్టారు. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలు, అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ళగూటికి కట్టే వలలాంటి తీగతో, మూడు మీటర్ల వెడల్పున్న గొడుగులు ఇస్రో వాళ్ళు తయారుచేయించారు. ఊళ్ళో అందరూ కూడేచోట టీవీ పెట్టి, సాయంత్రం కాగానే జనం పోగయ్యేవారు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. ఒక బొమ్మకి రెండు భాషల్లో మాటలు పంపే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో ఉంది. జీవితంలో మొదటిసారి టీవీ చూసినవాళ్ళు దాన్ని తెలుగులోనే విన్నారు.

ఇది తక్కువ సంగతి కాదు. కానీ ఒక తేడా నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. అలాస్కా పల్లె అదే ఉపగ్రహాన్ని ప్రశ్న అడిగింది, జవాబు అందుకుంది. మన పల్లె విన్నది, అంతే. బిడ్డకి విరేచనాలైతే ఏం చెయ్యాలో టీవీ చెప్పగలదు. నా బిడ్డకి పొద్దుట్నించీ అవుతున్నాయి, కళ్ళు తేలేస్తోంది, ఇప్పుడేం చెయ్యను అని అడిగితే వినేవాళ్ళు అటువైపు లేరు. డబ్బు, వేల పల్లెలు, అప్పటి సాంకేతికత, కారణాలు సవాలక్ష ఉంటాయి. ఏడాది కాగానే ఉపగ్రహం అమెరికావైపు వెళ్ళిపోయింది. మన పల్లె తిరిగి మాట్లాడటానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

అది చిత్తూరు జిల్లా అరగొండలో జరిగింది. అపోలో ఆసుపత్రుల ప్రతాప్ సి. రెడ్డిగారి సొంత ఊరది. అక్కడ కట్టిన చిన్న ఆసుపత్రిని దూరంగా ఉన్న పెద్ద డాక్టర్లతో కలిపారు. 2000 మార్చి 24న, హైదరాబాద్ వచ్చిన రోజునే, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాన్ని ప్రారంభించారు. ఆ మర్నాటి పేపర్లలో హైటెక్ సిటీ ఫోటోలు మనందరికీ గుర్తే. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను, క్లింటన్ తప్ప అరగొండ నాకు గుర్తులేదు! 2001లో ఇస్రో కూడా తన టెలిమెడిసిన్ పనిని చెన్నై, అరగొండల మధ్యే మొదలుపెట్టింది.

అదే 2001 సెప్టెంబరు 7న న్యూయార్కులో కూర్చున్న ఫ్రెంచి సర్జన్ మారెస్కో, రోబో చేతులతో, ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నావిడకి పిత్తాశయం తీసేశాడు. పేపర్లన్నీ ఆయన్నే చూశాయి. నాకు మటుకు ఆవిడ మంచం పక్కన సిద్ధంగా నిలబడ్డ డాక్టర్లు కూడా కనపడతారు. ఏదైనా చెడితే చెయ్యి పెట్టవలసింది వాళ్ళే కదా.

తరవాతి సంగతులు మీకు తెలిసినవే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది, 2007లో 104. ఊళ్ళోంచి ఎవరైనా డబ్బు కట్టకుండా 104కి ఫోన్ చేస్తే, శిక్షణ పొందినవాళ్ళు కంప్యూటర్లో వరస ప్రశ్నలు చూసి అడిగేవారు, అవసరమైతే డాక్టరుకి కలిపేవారు. రెండింటికీ ముందు నిలబడ్డది సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన కుటుంబం. 2009లో ఆ కంపెనీ ఏమైందో మన వృత్తిలోవాళ్ళకి నేను చెప్పాలా? అంబులెన్సులు మాత్రం ఆగలేదు. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని తెచ్చింది, దాన్ని ముందుగా అందుకున్నది ఆంధ్రప్రదేశే. కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25న టెలిమెడిసిన్ నిబంధనలు వచ్చాయి. 2023 ఫిబ్రవరికి ఈ-సంజీవనిలో పది కోట్ల సంప్రదింపులు దాటాయి. వాటిలో చాలా ఎక్కువ భాగం రోగి ఒక్కడే ఫోన్ పట్టుకుని చేసినవి కావు, పల్లె క్లినిక్కులో ఆరోగ్య కార్యకర్త పక్కన కూర్చుని చేయించినవి.

ఒక చిన్న మాట, అక్కగారి ప్రశ్నకి సంబంధించింది. మా చుట్టాల్లో డాక్టరున్నాడు, ఇక్కణ్ణించే మందు రాయిస్తాం అనుకోకండి. అమెరికాలో మామూలుగా రోగి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్సు డాక్టరుకి ఉండాలి. ఇండియా నిబంధనలు అక్కడ రిజిస్టరైన డాక్టర్ల కోసం రాసినవి. కాబట్టి మనవాడు సలహాకి, ధైర్యానికి పనికొస్తాడు. చీటీ మాత్రం అక్కడి డాక్టరే రాయాలి.

ఇంక మా ఇంటి సంగతి. కిందటేడు నాన్నగారికి కొంచెం ఆయాసంగా ఉందని అమ్మ నోరు జారితే, ఒక పెద్ద ఆసుపత్రిలో వీడియో కన్సల్టేషన్‌కి నేనే ఇక్కణ్ణించి డబ్బు కట్టాను. డాక్టరుగారు ఏడు నిమిషాలు మాట్లాడారు. నేను పంపిన ఆరు నెలల అంకెలూ చూశారు. ఇంత చక్కగా ఉంటే భయమెందుకు, వయసుకి ఉండే అలసటే అన్నారు. నాన్నగారు చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నారు. కెమెరాలో మొహం, భుజాలు. అంతే కనపడింది.

పది రోజుల తరవాత ఊళ్ళో ఇంటింటికీ తిరిగి షుగరు, బీపీ చూసే సర్వేకి నర్సమ్మ వచ్చింది. నాన్నగారు అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ ముందు చూసింది ఆయన కాళ్ళు. "ఏంటి మాస్టారూ, చెప్పులు ఇంత బిగుతైపోయాయి?" అని, కూర్చుని, కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టుకుంది. వేలు తీస్తే గుంట అలాగే ఉండిపోయింది. బీపీ చూస్తే 178, 104. ఆటో ఎక్కించి క్లినిక్కుకి తీసుకెళ్ళి, ట్యాబులో డాక్టర్ని పిలిచింది. రాత్రి ఎన్ని దిళ్ళు పెట్టుకుని పడుకుంటారని అడిగాడుట డాక్టరు. "ఒకటే" అన్నారు నాన్నగారు. "మూడండీ, అవి చాలక కూర్చునే నిద్రపోతున్నారు" అంది అమ్మ. ఆ సాయంత్రానికి ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారు. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిందిట. తొమ్మిది రోజులున్నారు. ఇప్పుడు బాగున్నారు, ఉప్పు తగ్గించమంటే మాత్రం పోట్లాడుతున్నారు.

ఎందుకిలా చేశారు నాన్నా అని అడిగాను. "నా చేతికి కట్టుకుంటే ఎర్రరంగు వస్తోందిరా. అది చూసి నువ్వక్కడ కంగారు పడతావు. ఉద్యోగం చూసుకుంటావా, నన్ను చూసుకుంటావా? మీ అమ్మ చేతికి కడితే పచ్చగా వస్తోంది" అన్నారు. నేను అంకెలు అడిగాను కాబట్టి అంకెలు ఇచ్చారు. లెక్కల మాస్టారు కదా.

ఇప్పుడు ప్రతి గురువారం క్లినిక్కుకి వెళ్తారు. నర్సమ్మ బరువు చూస్తుంది, కాలు నొక్కి చూస్తుంది, తేడా ఉంటే డాక్టర్ని పిలుస్తుంది, ఆ తరవాత అమ్మ చేత నాకు ఫోన్ చేయిస్తుంది. అప్పుడు మాకిక్కడ తెల్లవారుజామే. ఆ రోజు అలారం నేనే పెట్టుకుంటున్నాను. నేనిచ్చిన మిషను మాత్రం అమ్మకే ఉండిపోయింది. ఆవిడ బీపీ నిన్న 122, 78.